రెండు రాత్రుల విదేశీ బస

తడ కూడలిలో నిలిచి హోటలు ఎక్కడనని అడిగినచో ఎవరైనను ఇడ్లీ, కాఫీ దొరకు చోటునే చూపుదురు. పడుకొనుటకు చోటు కావలసినవాడు లాడ్జి అని అడుగవలెను. కొండకు పోవువారు సత్రమనియో, కాటేజీ అనియో అడుగుదురు. తినుచోటు వేరు, పడుకొనుచోటు వేరు అనునది మన ప్రాంతమున నేటికిని నిలిచియున్న వాడుక. విదేశములోని పెద్ద హోటలులో ఈ రెండును ఒక్క కప్పు క్రిందికి వచ్చును. వానితోపాటు ఈతకొలను, వ్యాయామశాల, తలుపు తీయుటకు తలపాగా ధరించిన మనిషి, రాత్రివేళ దిండుపై చాక్లెట్టు కూడ వచ్చును. మనము వాడుకొన్నను వాడుకొనకున్నను వీని వెల అద్దెలో చేరియే యుండును.

ఈ ప్రసంగము ఎవరికొఱకో ముందుగా చెప్పుట మంచిది. తరచుగా విదేశములకు పోవువారికి మేము చెప్పదగినది లేదు. రెండు మూడు దినములు మాత్రమే ఒక విదేశ నగరమున గడుపబోవుచు, జీవితములో ఒక్కసారియైనను గొప్ప హోటలులో దిగవలెనని కోరుకొను కుటుంబములకొఱకే ఈ మాటలు. ఆ కోరికను మేము తప్పుపట్టము. చీటీ పాడుకొన్న సొమ్ముతోనో, ఉద్యోగవిరమణ నాడు చేతికి వచ్చిన దానిలో కొంత తీసియో పోవువారు వీరు. ఆ సొమ్ము మరల అంత సులభముగా చేతికి రాదు. కనుక ఎంపిక కొంత ఆలోచించి చేయవలసినదే.

తడ మన రాష్ట్రమునకు దక్షిణపు అంచు. 2022 ఏప్రిల్ 4 వరకు నెల్లూరు జిల్లాలో నుండి, ఆనాడు ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. తూర్పున పులికాటు సరస్సు, పడమట 2008లో మొదలైన శ్రీసిటీ కర్మాగారములు, నడుమ కలకత్తా పోవు రహదారి. చెన్నై విమానాశ్రయము కారులో రెండు, రెండున్నర గంటల దూరము. అచ్చటినుండి సింగపూరు సుమారు నాలుగు గంటలు. గాలిలో గడుపు సమయమునే లెక్కించినచో, తడ నుండి రైలులో విశాఖపట్టణము చేరులోపల సింగపూరుకు పోయి తిరిగి రావచ్చును. అందుచేత ఈ ప్రసంగమునకు సింగపూరునే ఉదాహరణగా తీసికొనుచున్నాము. సరస్సు దక్షిణపు కొననున్న పులికాటులో డచ్చివారు 1613లో కోట కట్టుకొని, ఇచ్చటి నేతబట్టలను ఓడలలో తూర్పు దీవులకు పంపుచుండెడివారు. ఆ ఓడలపై పోయినవారికి బస ఎంపిక అను చిక్కు లేదు. ఓడయే బస.

చిన్న ప్రయాణములో హోటలువారు మనకు అమ్మునది గది కాదు, గంటలు. దీనిని లెక్క వేసి చూడుడు. తిరుపతి లాడ్జీలలో పెక్కింట 24 గంటల పద్ధతి యున్నది. రాత్రి పదింటికి దిగినవాడు మరునాటి రాత్రి పదింటికి ఖాళీ చేయును. విదేశపు పెద్ద హోటళ్ళలో సాధారణముగా అట్లు కాదు. మధ్యాహ్నము మూడింటికి గది ఇచ్చి, పోవునాడు పదకొండింటికో పండ్రెండింటికో ఖాళీ చేయమందురు. శుక్రవారము మూడింటికి దిగి, ఆదివారము పదకొండింటికి వెడలినచో రెండు రాత్రులకు మనకు దక్కునవి 44 గంటలు. వానిలో పదునారు గంటలు నిద్ర. ఊరు చూడ వచ్చినవారు కనుక శనివారము పగలంతయు బయటనే. ఆ రెండు సాయంకాలములును వీధులలోనే గడచును. మెలకువతో గదిలోనో, కొలనువద్దనో గడుపునవి కూడినచో ఎనిమిది గంటలు మించవు. ఆ ఎనిమిది గంటల సుఖమునకే మనము అద్దెలో అధిక భాగము చెల్లించుచున్నాము.

ఇంకొక చిక్కు కలదు. చెన్నై నుండి బయలుదేరు విమానములలో పెక్కు రాత్రివేళ బయలుదేరి తెల్లవారుజామునకో ఉదయమునకో సింగపూరు చేరును. అచ్చటి గడియారము మనకంటె రెండున్నర గంటలు ముందు. నిద్ర సగమే పట్టినది, ఊరు మేలుకొన్నది, గది మాత్రము మధ్యాహ్నము మూడింటికి. దంపతులిద్దరే యైనచో పెట్టెలు హోటలువారికి అప్పగించి ఊరిలోకి పోవచ్చును. పెట్టెలను ఉంచుకొనుటకు వారు సాధారణముగా అభ్యంతరము చెప్పరు. డెబ్బదియేండ్ల తల్లి వెంటనున్నప్పుడు ఈ మాట చెల్లదు. రాత్రంతయు విమానములో కాళ్ళు ముడుచుకొని కూర్చున్న ఆమెకు కావలసినది వేడినీళ్ళు, పక్క, తలుపు మూసికొనుటకు ఒక గది. పాలరాతి నేల, స్ఫటిక దీపములుగల ముందుసాలలో సోఫాపై ఒరిగి కునుకు తీయుచున్న తల్లిని చూచినచో, ఎంత ఖరీదైన హోటలైనను ఆ పూటకు బస్సుస్టాండువలెనే తోచును.

దీనికి మార్గములు మూడు. పగటి విమానములో పోయి సాయంకాలము చేరుట మొదటిది. ముందు రాత్రికి కూడ అద్దె చెల్లించి, గదిని సిద్ధముగా ఉంచుకొనుట రెండవది. ఒక్క మెట్టు తక్కువ హోటలు ఎంచుకొని, మిగిలిన సొమ్ముతో ఆ అదనపు రాత్రి కొనుట మూడవది. మా ఓటు మూడవదానికే. గొప్ప హోటలులో రెండు రాత్రులకంటె మంచి హోటలులో మూడు రాత్రులు, అందులో మొదటిది ఉదయపు నిద్రకొఱకు, పెద్దలతో పోవువారికి ఎక్కువ సుఖమిచ్చును.

ఇక గొప్ప హోటళ్ళ సంగతి. సింగపూరు పేరు చెప్పగానే చదువుకొన్నవారు రాఫెల్స్ అందురు. 1887లో ఆర్మీనియా జాతీయులైన సార్కీస్ సోదరులు పది గదుల బంగళాలో దానిని తెరచిరి. ఆనాడది సముద్రపుటొడ్డున ఉండెడిది. ఒడ్డును పూడ్చి నేల చేసినందున నేడు సముద్రము దూరముగా తొలగినది, వీధికి బీచ్ రోడ్డు అను పేరు మాత్రము మిగిలినది. 1902లో ఒక ప్రదర్శనశాలనుండి తప్పించుకొన్న పులి ఆ హోటలు బిలియర్డు గది క్రింద దాగియుండగా కాల్చి చంపిరి. ఇంగ్లీషు రచయిత సోమర్సెట్ మామ్ అచ్చట బసచేసినాడు. 2017లో మూసి, మరమ్మతులు చేసి, 2019లో మరల తెరచిరి. ఇప్పుడున్నవి 115 సూట్లు. ఒంటి గది అనునది లేదు, ప్రతిదానికి కూర్చుండు గది, పడక గది వేరువేరు. అద్దె రాత్రికి వేయి సింగపూరు డాలర్లు దాటుట కద్దు. అనగా మన లెక్కలో అర లక్షకు పైమాట.

ఆ హోటలు అందమును మేము కాదనము. ఆ తెల్లని వరండాలు, చెక్క నేలలు, తోటలోని తాళవృక్షములు తీరికగా కూర్చుండువారికొఱకు కట్టినవి. ఉదయము కాఫీతో వరండాలో కూర్చుండి, పత్రిక చదివి, మధ్యాహ్నము నిద్రించి, సాయంకాలము తోటలో నడువవలెను. అట్లు గడుపగలవారికి దాని అద్దె న్యాయమే. తొమ్మిదింటికి పక్షుల పార్కు, పండ్రెండింటికి సంత, నాలుగింటికి సెంటోసా దీవి అని కాగితముపై గీసికొని వచ్చినవారికి ఆ వరండా ఎందులకు? పైగా అచ్చటి తేనీటి విందుకును, లాంగ్ బారుకును బయటివారు కూడ పోవచ్చును. వేరుసెనగ కాయలు ఒలిచి తొక్కలు నేలపై పారవేయుట ఆ బారులో ఆచారము. అంత శుభ్రమైన ఊరిలో ఆ స్వేచ్ఛకొఱకే జనులు మూగుదురని మా అనుమానము. ఒక సాయంకాలము పోయి కూర్చుండి వచ్చినచో రాఫెల్స్‌లో సగము మనదైనట్లే.

ఒక చిన్న హెచ్చరిక. సింగపూరు మెట్రోరైలులో రాఫెల్స్ ప్లేస్ అను స్టేషనున్నది. అచ్చట దిగి రాఫెల్స్ హోటలుకొఱకు వెదకరాదు. ఆ హోటలుకు దగ్గరివి సిటీ హాల్, ఎస్ప్లనేడ్ స్టేషనులు. రాఫెల్స్ ప్లేస్‌కు దగ్గరగా నున్నది మరొక ప్రసిద్ధమైన హోటలు, ఫుల్లర్టన్.

ఫుల్లర్టన్ భవనము 1928లో కట్టినది. నదీముఖమున పెద్ద స్తంభములతో నిలిచియున్న ఆ భవనములో ఊరి ప్రధాన తపాలా కార్యాలయముండెడిది. ఉమ్మడి మదరాసు రాష్ట్రము నుండి పొట్టకూటికై ఆ దేశములకు పోయిన మనవారి ఉత్తరములెన్నో ఆ కార్యాలయముగుండా నడచినవే. ఆ పేరుగల రాబర్ట్ ఫుల్లర్టన్, మదరాసులో కుంపిణీ కొలువు చేసి, 1826లో ఏర్పడిన జలసంధి సీమలకు మొదటి గవర్నరైనవాడు. 2001లో ఆ భవనము 400 గదుల హోటలైనది. నది, వంతెనలు, పాత కార్యాలయములు, కొత్త మేడలు అన్నియు నడచిపోవు దూరములో నుండుటచేత, తక్కువ గంటలు చేతనున్నవారికి ఇది రాఫెల్స్‌కంటె అనువైనదని మా అభిప్రాయము.

మూడవది 2010లో తెరచిన మెరీనా బే సాండ్స్. 55 అంతస్తుల మూడు మేడలు, వానిపై ఓడవలె అడ్డముగా పరచిన తోట, ఆ తోటలో నీరు అంచు దాటి ఆకాశములోనికి జారిపడునట్లు తోచు ఈతకొలను. సినిమాలలోను, కాలెండర్లలోను చూచినదే. హోటలని చెప్పుటకంటె దానిని ఒక చిన్న ఊరు అనవచ్చును. గది తాళము పుచ్చుకొనుటకే వరుసలో నిలువవలసి రావచ్చును. అయినను దీనికొక విశేషమున్నది. పైనున్న చూపుమండపమునకు టిక్కెట్టు కొని ఎవరైనను పోవచ్చునుగాని, ఆ కొలనులో దిగుటకు హోటలు అతిథులకే అనుమతి. రాఫెల్స్ తేనీరు బయటివారికి దొరకును. ఫుల్లర్టన్ ముందుసాలలో బయటివారు కాఫీ త్రాగవచ్చును. ఈ కొలను మాత్రము అచ్చట పడుకొన్నవారికే. కనుక పిల్లలు ఆ కొలనుకొఱకే కలవరించుచున్నచో ఒక్క రాత్రి అచ్చట దిగుటలో అర్థమున్నది. ఈతరాని నలుగురు పెద్దలు అందు దిగుట వృథా.

బయట టిక్కెట్టు కొని పొందగలిగిన దానికొఱకు అద్దె చెల్లించుట అనవసరము. అచ్చట పడుకొన్నవారికి మాత్రమే దొరకునది ఏమిటో తెలిసికొని, అది మనకు కావలసినదేనా యని చూడవలెను.

నక్షత్రముల లెక్కను నమ్ముకొనువారు కలరు. మన దేశములో కేంద్ర పర్యాటకశాఖవారి సంఘము పరీక్షించి హోటళ్ళకు నక్షత్రములిచ్చును. ఫ్రాన్సులో అయిదు నక్షత్రములకు పైన ప్యాలెస్ అను బిరుదును 2010లో ఏర్పరచిరి. ప్రపంచమంతటికిని ఒకే కొలబద్ద లేదు. దుబాయిలో 1999లో తెరచిన బుర్జ్ అల్ అరబ్‌ను ఏడు నక్షత్రముల హోటలని లోకము చెప్పుకొనునుగాని, అట్టి తరగతి ఏ అధికారిక పట్టికలోను లేదు. ఒక దేశపు నాలుగు నక్షత్రములు మరొక దేశపు అయిదింటికి తీసిపోకపోవచ్చును. కనుక నక్షత్రముల సంఖ్యను తీసివేత పరీక్షగా వాడుకొని, అసలు నిర్ణయము వేరు విషయములపై చేయవలెను.

ఆ వేరు విషయములేవో శ్రీసిటీకి వచ్చు విదేశీయులను చూచి నేర్చుకొనవచ్చును. జపాను ఇంజనీరు ఇచ్చటికి వచ్చినప్పుడు బంగారుపూత కుళాయిని గూర్చి అడుగడు. కర్మాగారము ఎంత దూరము, తనకు అలవాటైన అన్నము దొరకునా, రాత్రి నిద్ర పట్టునా అని అడుగును. ఈ మూడింటికొఱకే పెక్కుమంది చెన్నైలో బస చేసి ప్రతిదినము రహదారిపై వచ్చిపోవుచుందురు. మనవారు విదేశమునకు పోయినప్పుడు మాత్రము ఈ మూడును మరచి, ముందు ఫొటోలు చూతురు.

దూరము సంగతిలో మన నేలపట్టు గూడబాతులు మంచి లెక్కగలవి. అవి గూడు కట్టునది నేలపట్టు చెరువులోని చెట్లపై, చేపలకు పోవునది పులికాటుకు. రోజూ ఎగురగలిగినంత దూరములోనే గూడు. ప్రయాణీకుడును అంతే చేయవలెను. మీరు చూడదలచిన చోటులను పటములో గుర్తించి, వానికి నడుమ మెట్రో స్టేషను గుమ్మములోనున్న హోటలును ఎంచుకొనుడు. సింగపూరు పగలు వేడి, ఉక్క, వాన. ఆరు వందల గజములు పెద్దవారికి అచ్చట చాల దూరము.

భోజనము సంగతి ఇంకను ముఖ్యము. పెద్ద హోటలు ఉదయపు పలహారపు బల్లపై నూరు వంటకములుండును. వానిలో శాకాహారికి పనికివచ్చునవి రొట్టె, పండ్లు, పెరుగు, ఒక్కొక్కచోట ఇడ్లీ. పెరుగన్నము లేనిదే రోజు గడువని తల్లికి నూరు వంటకముల వెల చెల్లించుట ఎందులకు? పలహారము లేని అద్దె ఎంతయో విడిగా అడిగి, తేడాను చూచుకొనుడు. లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డుపై 1947 నుండి నడచుచున్న కోమల విలాస్ శాకాహార భోజనశాల కలదు. అదే రోడ్డుపై శ్రీనివాస పెరుమాళ్ళ ఆలయము కలదు. తిరుపతి జిల్లావారు దేశము దాటిపోయినను స్వామి కనిపించక మానడు! మెరీనా బే వద్దనున్న బేఫ్రంట్ స్టేషను నుండి లిటిల్ ఇండియాకు రైలు మారనక్కరలేకుండ నాలుగు స్టేషనులు. 1975లో ఏర్పడిన సింగపూరు తెలుగు సమాజము ఉగాది జరుపుకొను ఊరది. తెలుగు మాట వినిపించుట అచ్చట వింత కాదు. గదిలో చిన్న కుక్కరుపై అన్నము వండుకొందమను ఆలోచన మాత్రము మానవలెను. పొగ తగిలిన మరుక్షణమున గంటలు మ్రోగును, ఆ మీదట మీ పేరు పద్దులోనికెక్కును.

గదిని గూర్చి ఫొటోలలో కనబడని విషయములు కొన్ని ఉన్నవి. ఒక గదిలో ఇద్దరు పెద్దలకంటె ఎక్కువమందిని ఒప్పుకొనని హోటళ్ళు పెక్కు. మన ఇండ్లలో చాప పరచి నలుగురము సర్దుకొను అలవాటు అచ్చట పనికిరాదు. మూడవవారికి అదనపు మంచము వేయుదురా, దానికెంత అని ముందే అడుగవలెను. వేరువేరు గదులు తీసికొన్నచో నడుమ తలుపున్న గదులు కావలెనని వ్రాయవలెను. ఎత్తైన గోడగల స్నానపు తొట్టి చూచుటకు గొప్పగా నుండును. మోకాళ్ళ నొప్పిగల పెద్దలు దానిలో కాలెత్తి దిగుట ప్రమాదము. నేలకు సమముగానున్న షవరు, పట్టుకొనుటకు కమ్మీ ఉన్న స్నానాల గది కోరుడు. నీళ్ళ గొట్టము మరుగుదొడ్డిలో ఉన్నదా అని అడుగుటకు సిగ్గుపడ నక్కరలేదు.

సొమ్ము లెక్కలో జాగ్రత్తపడవలసినది ఒకటి. సింగపూరు హోటళ్ళు చెప్పు అద్దె ప్రక్కన కొన్ని వేళల రెండు కూడిక గుర్తులుండును. ఒకటి సేవా రుసుము, రెండవది పన్ను. సేవా రుసుము సాధారణముగా నూటికి పది. పన్ను 2024 జనవరి 1 నుండి నూటికి తొమ్మిది. అది సేవా రుసుముతో కలిపిన మొత్తముపై పడును. 100 డాలర్లన్న గది ఆ విధముగా 119 డాలర్ల 90 సెంట్లగును. గది ఇచ్చునప్పుడు కార్డుపై కొంత సొమ్మును హామీగా నిలుపుదురు. అది ఖర్చు కాదుగాని తిరిగి విడుదలగుటకు దినములు పట్టవచ్చును, అంతవరకు ఆ సొమ్ము వాడుకొనుటకు వీలుండదు. బిల్లు చెల్లించునప్పుడు యంత్రము రూపాయలలోనా, డాలర్లలోనా యని అడిగినచో డాలర్లనే ఎంచుకొనుడు. రూపాయలనినచో వారు కట్టు మారకపు రేటు సాధారణముగా మనకు నష్టము.

తేదీలు కూడ చూచుకొనవలెను. 2008 నుండి సింగపూరు నడివీధులలో జరుగుచున్న ఫార్ములా వన్ కార్ల పందెముల వారములో మెరీనా బే చుట్టునున్న హోటళ్ళ అద్దెలు మిన్నంటును, దారులు మూతపడును. ఆ వారము అటు పోకుండుట మేలు. ఇక భారతీయులకు సింగపూరు వీసా కావలెను. వీసా చేతికి రాకముందే, తిరిగి ఇవ్వబడని చవక అద్దెకు ఆశపడి సొమ్ము కట్టరాదు. రద్దు చేసికొను వీలున్న అద్దె కొంచెము ఎక్కువయైనను అదే తీసికొనవలెను.

ఇన్ని లెక్కలు వేసిన పిమ్మట ఒక తల్లి, ఇద్దరు దంపతులు తడ నుండి బయలుదేరుచున్నారనుకొన్నచో మేము సూచించునది ఇది. లిటిల్ ఇండియాకు నేరుగా రైలున్న స్టేషను ప్రక్కన, నడుమ తలుపుగల రెండు గదులు, మూడు రాత్రులకు, పలహారము లేకుండ. ఒక సాయంకాలము రాఫెల్స్‌లో తేనీరు, ముందుగా చోటు చెప్పుకొని. తల్లికి ఇడ్లీ కోమల విలాస్‌లో. దంపతులకు కొలను మీద మనసున్నచో తల్లి లేకుండ వేరొకసారి పోవచ్చును.

హోటలును ఖాయము చేయుటకు ముందు వారికి ఒక ఉత్తరము వ్రాయుడు. నేడది కంప్యూటరులో రెండు నిమిషముల పని. ఉదయము ఏడింటికి దిగుదుము, మాతో డెబ్బదియేండ్ల తల్లి కలదు, గది ఎన్నింటికి ఇయ్యగలరు, మెట్లు ఎన్ని, స్నానాల గదిలో తొట్టి తప్పనిసరియా అని అడుగుడు. తమ చక్రవర్తి సూటు వర్ణన పంపిన హోటలును ప్రక్కన పెట్టుడు. అడిగిన నాలుగింటికి నాలుగు జవాబులిచ్చి, క్రింద వ్రాసినవారి పేరు పెట్టినచో ఆ హోటలుకు సొమ్ము కట్టవచ్చును. ఆ ఉత్తరము అచ్చువేసిన ప్రతి ఒకటి చేతిసంచిలో ఉంచుకొనుడు. ఏడింటికి బల్లవద్ద నిలిచిన కుర్రవాడు వేరొకడై యుండును.